గిరీశం మీద కోపం ఏ వయసులో వస్తుంది?

నీలిసిరా
కాలేజీ రోజుల్లో గురజాడ నాటకం కన్యాశుల్కం చదివినవాళ్లలో చాలామందికి గిరీశమే హీరో. ఆ ఇంగ్లీషు, ఆ కోతలు, వెంకటేశాన్ని బుట్టలో వేసుకునే తీరు చూసి పడీపడీ నవ్వుతాం. నలభై దాటాక అదే గిరీశాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. అందుకే నేననేది, ఇలాంటి పుస్తకాలు ముప్పై లోపు చదివి ప్రయోజనం లేదు. జీవితం చూడనివాళ్లకి అవి ఎక్కవు. పిల్లలకి పాఠంగా పెట్టడం కూడా దండగే. మీరేమంటారు?

తీరిక
నూటికి నూరుపాళ్లు నిజం. ఇరవైల్లో ఆ నాటకంలోని వేశ్య మధురవాణి తెలివి చూసి ముచ్చటపడ్డాను. ఇప్పుడు, ఆ తెలివే లేకపోతే ఆమె గతి ఏమయ్యేదా అని భయం వేస్తుంది.

రెండోచదువు
నీలిసిరా గారూ, మీరు చెప్పిన మార్పు నిజమే. దానికి కారణం వయసే అంటే మాత్రం ఒప్పుకోను. మొదటిసారి చదివేటప్పుడు మన ధ్యాసంతా కథ మీదే ఉంటుంది. ముసలి లుబ్ధావధాన్లు పెళ్లి జరుగుతుందా, ఆడపిల్ల వేషం కట్టిన కరటకశాస్త్రి శిష్యుడు దొరికిపోతాడా, గిరీశం వితంతువు బుచ్చమ్మను లేవదీసుకుపోతాడా అన్న టెన్షన్‌లో ఉంటాం. గిరీశం మాటల జోరు తప్ప ఇంకేదీ చెవికెక్కదు. రెండోసారికి కథ తెలుసు కాబట్టి పక్కనున్న మనుషులు కనబడతారు.

పూటకూళ్లమ్మ సంగతే చూడండి. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర 20 రూపాయలు పట్టుకెళ్లి, గిరీశం మధురవాణి కోసం ఖర్చుపెట్టేశాడు. నాటకం మొదట్లోనే ఈ మాట తన నోటితోనే చెప్తాడు. మనం నవ్వుకుంటూ దాటిపోతాం. తర్వాత ఆమె చీపురు పట్టుకుని మధురవాణి ఇంటికి వస్తుంది. గిరీశం మంచం కింద దూరతాడు. అక్కడ ముందే నక్కి ఉన్న రామప్పపంతులు దెబ్బ తింటాడు. ఎప్పుడు చదివినా నవ్వొచ్చే రంగం అది. కానీ కథ తెలిసి చదువుతుంటే, ఆ చీపురు పట్టుకున్న మనిషి ఒక వితంతువని, పరాయివాళ్లకి వండిపెట్టి సంపాదించుకున్న డబ్బు అదని గుర్తొస్తుంది. ఆ రోజుల్లో 20 రూపాయలు చిన్న మొత్తం కాదు. ఇది తట్టడానికి నలభై ఏళ్లు రానక్కర్లేదు, పుస్తకం ఇంకోసారి తెరిస్తే చాలు.

ఇంకో మాట. పద్దెనిమిదేళ్ల కుర్రాడు గిరీశాన్ని చూసి మురిసిపోతే ఆ చదువు తక్కువదేమీ కాదు. మనం ఆ మాటలకి పడిపోవాలనే గురజాడ వాటిని అంత రుచిగా రాశారు. బుచ్చమ్మ పడిపోయింది కూడా ఆ మాటలకే కదా! ముప్పై దాటాక మొదటిసారి చదివి, తొలి పేజీ నుంచే వాణ్ని మోసగాడిగా చూసే పాఠకుడు బుచ్చమ్మని అమాయకురాలు అనుకుని జాలిపడతాడు. ఆమె ఎందుకు నమ్మిందో మాత్రం అతనికి అర్థం కాదు. ఒకప్పుడు తాము కూడా నమ్మినవాళ్లకే అది తెలుస్తుంది.

వెన్నెలదారి
పూటకూళ్లమ్మ విషయంలో మీ మాట కాదనలేను. బుచ్చమ్మ తల్లి వెంకమ్మ దగ్గర మాత్రం కుదరదండీ. నేను ఈ నాటకం ఇరవైల్లోనే మళ్లీ మళ్లీ చదివాను. పెద్దకూతురు బుచ్చమ్మని డబ్బు కోసం ముసలివాడికి కట్టబెట్టాడు అగ్నిహోత్రావధాన్లు. ఆ పిల్ల విధవై ఇంట్లో కూర్చుంది. అది చూస్తూ కూడా చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధాన్లుకి ఇస్తానని పట్టుబడితే, వెంకమ్మ నూతిలో పడుతుంది. ఎన్నిసార్లు చదివినా అది నాకు కథలో ఒక మలుపు, అంతే. నాకు కూతురు పుట్టాక చదివినప్పుడు ఆ పేజీ దాటి వెళ్లలేకపోయాను. ఇంట్లో తన మాట ఎవరూ వినరని తేలిపోయాక, కన్నకూతుర్ని కాపాడుకోవడానికి ఆవిడ చేతిలో మిగిలింది తన ప్రాణం ఒక్కటే. ఎన్నోసారి చదువుతున్నామన్నది దీన్ని చూపించదు. చదివే మనిషి మారాలి.

తీరిక
మీరిద్దరూ రాసినాయన్ని వదిలేశారు. ఈ నాటకాన్ని మొదట ఆడింది 1892లో, విజయనగరంలో. అచ్చయింది 1897లో. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకం అన్నంతగా తిరగరాశారు. మొదటి ప్రదర్శన నాటికి ఆయన వయసు ముప్పై దగ్గర, రెండో కూర్పు నాటికి నలభై అయిదు దాటింది. మనం ఇవాళ గొప్పగా చెప్పుకునే మధురవాణి చాలావరకు ఆ రెండో కూర్పులో పెరిగిన మనిషే. సృష్టించినవాడికే ఆమె అంత నిండుగా కనబడటానికి అన్నేళ్లు పట్టింది. మనకి పట్టదా?

రెండోచదువు
తీరిక గారూ, మంచి విషయం తెచ్చారు. కానీ అది నా వైపే మాట్లాడుతోంది. నలభై దాటాక రాద్దాంలే అని ఆయన ఆగలేదు. ముప్పై దగ్గర రాసింది చేతిలో ఉంది కాబట్టే తిరగరాయడానికి ఏదో ఉంది.

వెన్నెలదారి గారూ, వెంకమ్మ దగ్గర మీ మాటే నిలుస్తుంది, అక్కడ నేను వాదించను. అయితే ఆ పేజీ మీకు అంత గట్టిగా తగలడానికి, ఒకప్పుడు దాన్ని అలవోకగా దాటేసిన జ్ఞాపకం కూడా కారణమేమో ఆలోచించండి. ముప్పై లోపు వద్దు అంటే పిల్లలకి ఆ జ్ఞాపకమే లేకుండా చేస్తాం. పాఠంగా పెట్టండి, నవ్వుకోనివ్వండి, గిరీశం మీద వ్యాసాలు రాయించి విసుగు పుట్టించకండి చాలు.

నలభై దాటాక ఈ నాటకాన్ని మొదటిసారి చదివినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి. గిరీశం మాటలకి మీరు ఒక్కచోటైనా పడ్డారా? పడితే ఎక్కడ?