పోస్టర్ మొత్తం ఆల్ఫా స్లాబ్ వన్‌లో పెట్టాను, కింద ఏమీ చదవబుద్ధి కావట్లేదు

రంగులడబ్బా:
మా కాలనీ క్రికెట్ టోర్నీకి పోస్టరూ టీషర్టూ నా మెడకే చుట్టుకున్నాయి. గూగుల్ ఫాంట్స్‌లో ఆల్ఫా స్లాబ్ వన్ కనబడింది, ఫ్రీ కదా అని అంతా అందులోనే పెట్టేశా. పైన ఇంగ్లిష్ హెడ్డింగ్ అదిరింది. కింద ఎంట్రీ ఫీజు, ఫోన్ నంబర్లు మాత్రం మసి పూసినట్టున్నాయి. బోల్డ్ తీసేద్దామంటే దీనికి ఉన్నదే ఒక్క వెయిట్, అంటే ఒకే లావు. గీతల చివర్లు దిమ్మల్లా ఉండే ఈ స్లాబ్ సెరిఫ్ అక్షరాలంటే ఇంతేనా?

పాతప్రెస్సు:
అది పుట్టిందే గోడల మీదికి అన్నా. 1810ల్లో లండన్‌లో విన్సెంట్ ఫిగ్గిన్స్ ‘యాంటిక్’ పేరుతో ఇలాంటి అక్షరాలు తెచ్చాడు. అప్పటికి ప్రకటనల గిరాకీ పెరిగింది, పుస్తకాల టైపులో ఉండే సన్న గీతలు దూరం నుంచి చూస్తే ఆనవు, అందుకని గీతలన్నీ లావు చేసి, చివర్లలో ఉండే కొసల్ని కూడా ఇటుకల్లా దిమ్మలు చేసేశారు. వీటికి ఈజిప్షియన్ అనే పేరు కూడా ఉంది, నెపోలియన్ దండయాత్ర తర్వాత అక్కడ అంతా ఈజిప్టు మోజు కదా, పిరమిడ్లకీ వీటికీ మాత్రం ఏ చుట్టరికమూ లేదు. ఆల్ఫా స్లాబ్‌కి మూలం కూడా ఆ కాలంలో రాబర్ట్ థోర్న్ చేసిన ఈజిప్షియనే. దానితో ఫోన్ నంబర్ రాయిస్తే ఎలా?

గుండుసున్నా:
అన్ని స్లాబులనీ ఒకే గాటన కట్టకండి. టైప్‌రైటర్ అక్షరం కొరియర్ కూడా స్లాబే, ఎంత సన్నగా ఉంటుందో చూడండి. 1845లో వచ్చిన క్లారెండన్‌ని అయితే మామూలు అక్షరాల మధ్య ఒక్క మాట ఎత్తి చూపడానికే వాడేవారు, నిఘంటువుల్లో లాగా. నీకు స్లాబే కావాలంటే కింద వివరాలకి రోబోటో స్లాబ్ పెట్టు, అందులో సన్నం నుంచి లావు దాకా అన్నీ ఉన్నాయి.
టీషర్టు సంగతి వేరు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఇంకు కాస్త పాకుతుంది, ఇంత లావు అక్షరాల్లో లోపలి ఖాళీ అసలే తక్కువ, చిన్న సైజైతే పూడిపోతుంది. మా ఆఫీసు టీషర్టులకి అదే జరిగింది, అరవై పీసులు కొట్టాక చూసుకున్నాం. ముందు ఒక్కటి కొట్టించు.

రంగులడబ్బా:
తెలుగులో కూడా పేరు పెట్టాలి. పక్కన ఏది నప్పుతుంది?

పాతప్రెస్సు:
రామభద్ర అనే తెలుగు ఫాంట్ చూడు. లావులో దీటుగా నిలబడుతుంది, కొసలు గుండ్రంగా ఉంటాయి. దయచేసి తలకట్టుకి దిమ్మలు అతికించి తెలుగు స్లాబ్ చేద్దామని కూర్చోకు, ఒకసారి ప్రయత్నించా, తల మీద పలక పెట్టుకున్నట్టు వచ్చింది. ఇంకోటి, ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ స్పేసింగ్ తెలుగుకి చాలదు, ‘క్రికెట్’లో క్రావడి వెళ్లి కింది వరుసకి గుద్దుకుంటుంది.

రంగులడబ్బా:
మార్చేశా. వివరాలన్నీ రోబోటో స్లాబ్‌లోకి వెళ్లాయి, తేదీ ఒక్కటి ఆల్ఫాలోనే ఉంచి సైజు మూడింతలు పెంచా, అంకెలు వదలబుద్ధి కాలేదు.