ఇంట్లో సినిమా: మాటలు వినబడవు, పాటొస్తే ఇల్లు అదురుతుంది

బైరాగిపట్టెడ55:
అన్నలూ, తిరుపతిలో మొదటి అంతస్తు ఇల్లు. హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. కింద టైల్స్, పైన స్లాబు. పదడుగుల గోడకు 55 అంగుళాల 4కే టీవీ, నేల నుంచి 5 అడుగుల ఎత్తులో బిగించి ఉంది. దాని కింద షోకేసు అరలో 3.1 సౌండ్‌బార్, మూలన సబ్‌వూఫర్. టీవీకీ బార్‌కీ మధ్య ఆప్టికల్ వైరు. సోఫా ఎదురు గోడకు ఆనించి ఉంది.

ఓటీటీలో సినిమా పెడితే మాటల కోసం వాల్యూమ్ 40కి పెంచాలి. అంతలో ఫైటో పాటో వస్తే 15కి దించాలి. రిమోట్ చేతిలోంచి దిగదు. కొత్త సినిమాలేమో సీరియల్ మాదిరి కనబడతాయి, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాల్లో అందరూ లావెక్కి ఉంటారు. ఇదంతా సెట్టింగులతో పోతుందా, బార్ మార్చాలా? లేక టీవీ పక్కన పెట్టి ప్రొజెక్టర్ తీసుకుంటే మేలా? 30 వేల దాకా పెట్టుకోగలం.

గ్రీమ్స్‌పేట సౌండు:
ఆ 30 వేలు జేబులోనే ఉండనీండి.

ముందు వార్తల ఛానల్ పెట్టి వినండి. న్యూస్ చదివే మనిషి మాట తేటగా ఉంటే గదిలో పెద్ద తప్పు లేదు, తేడా సినిమా సౌండ్‌ట్రాక్‌లోనో టీవీ పంపే సిగ్నల్‌లోనో ఉంది. వార్తలు కూడా బావిలోంచి వచ్చినట్టుంటే గదీ, బార్ పెట్టిన చోటూ చూసుకోవాలి. మీరు రాసిందాన్ని బట్టి మీకు రెండూ ఉన్నాయి.

సిగ్నల్ సంగతి. 5.1 ట్రాక్‌లో (అయిదు స్పీకర్లకూ, బాస్‌కూ విడివిడిగా సౌండు ఉండేది) డైలాగు దాదాపు అంతా సెంటర్ ఛానల్‌లోనే వస్తుంది. మీ 3.1 బార్‌లో ఆ మధ్య స్పీకరు ఉంది, దానికే డబ్బు కట్టారు. కానీ టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ 'పీసీఎం' మీద ఉంటే టీవీ ఆ ఆరు ఛానళ్లనూ రెండుగా కలిపేసి పంపుతుంది. డైలాగు ఎడమ, కుడి స్పీకర్లలోకి వెళ్లి పాటతో, బాంబులతో కలిసిపోతుంది. తర్వాత బార్‌లో 'డైలాగ్ లెవెల్' ఎంత పెంచినా విడదీయడానికి అక్కడ విడిగా ఏమీ ఉండదు. దాన్ని 'ఆటో' లేదా 'పాస్‌త్రూ' చేయండి. సినిమా నడుస్తా ఉండగా బార్ డిస్‌ప్లే మీద డాల్బీ అని పడాలి, పీసీఎం అని కాదు.

ఆప్టికల్ తీసేసి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీకి (టీవీ సౌండును హెచ్‌డీఎంఐ వైరు మీదే బార్‌కి పంపే దారి) మారండి. ఓటీటీ యాప్‌లు ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో పంపుతాయి. ఆప్టికల్ దాన్ని మోయలేదు, మామూలు డాల్బీ డిజిటల్ వరకే దాని తాహతు. కొన్ని టీవీలు దాన్ని మార్చి ఆప్టికల్‌కి ఇస్తాయి, కొన్ని గమ్మున స్టీరియోకి దించేస్తాయి. ఏఆర్‌సీలో ఆ తంటా ఉండదు.

ఇక మిక్సింగ్. థియేటర్ మిక్సింగ్ 85 డెసిబెల్ ప్రమాణంలో పెట్టిన గదిలో చేస్తారు. ఇంట్లో మనం అంతకన్నా చాలా తక్కువలో వింటాం. గుసగుసలు కాస్తా ఫ్యాన్ చప్పుడు కింద మునిగిపోతాయి, పేలుళ్లు మాత్రం పైనే ఉంటాయి. మే నెల తిరుపతిలో ఫ్యాన్ 5 మీద తిప్పక తప్పదు కాబట్టి 'నైట్ మోడ్' పగలు కూడా వేసుకోండి. అది పెద్ద చప్పుడును తగ్గించి చిన్నదాన్ని పైకి తెస్తుంది. కొన్ని కంపెనీలు దీన్నే 'డీఆర్‌సీ' అంటాయి. సినిమా బిగువు కొంత తగ్గుతుంది, నిజమే. మాట వినబడక సబ్‌టైటిల్స్ చదువుకోవడం కన్నా నయం.

గది: హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. 'టంగ్' అని మోగితే టైల్సూ, ఖాళీ గోడలూ మాటను చెరిపేస్తున్నట్టే. బార్‌కీ సోఫాకీ మధ్య నేల మీద 6 అడుగులకు 8 అడుగుల జంపఖానా పరచండి, కిటికీకి మందపాటి కర్టెన్ వేయండి. ఈ రెండింటికే మళ్లీ చప్పట కొడితే తేడా తెలుస్తుంది. గుడ్ల అట్టలు గోడకు అంటించమని ఎవరైనా చెబితే వినొద్దు, అవి పైస్థాయి శబ్దాన్ని కొంచెం చెదరగొడతాయి తప్ప పీల్చుకోవు.

బార్‌ను షోకేసు అర లోపలికి తోసి పెట్టి ఉంటే ముందుకు లాగండి. దాని ముందంచు చెక్క అంచుతో సమానంగానో, ఒక అంగుళం బయటికో ఉండాలి. లోపలుంటే అర పెట్టె మాదిరి మోగుతుంది. సబ్‌వూఫర్ మూల నుంచి అడుగున్నర బయటికి తెచ్చి, లెవెల్ 2, 3 పాయింట్లు తగ్గించండి. సోఫాను కూడా గోడ నుంచి కనీసం 2 అడుగులు ముందుకు జరపండి. 14 అడుగుల గదిలో 40 హెర్ట్జ్ దగ్గర బాస్ గోడలను ఆనుకుని పోగవుతుంది. వీపు గోడకు ఆనిన చోట కూర్చుంటే 'గుం' అన్నదే మిగులుతుంది. మగవాళ్ల గొంతు మూసుకుపోయినట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

రేణిగుంట రీలు:
సౌండు అన్న చెప్పేశాడు కాబట్టి బొమ్మ సంగతి నేను చెబుతా.

సీరియల్ మాదిరి కనబడటానికి కారణం టీవీ సొంతంగా పుట్టించే ఫ్రేములు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ వాటి మధ్యలో లేని బొమ్మల్ని ఊహించి ఇరికిస్తుంది. సీరియళ్లూ, క్రికెట్టూ మొదటి నుంచీ నున్నగా కదిలే బొమ్మతో చూశాం కాబట్టి సినిమా కూడా అట్లా నున్నగా జారితే కన్ను దాన్ని సీరియల్ అనుకుంటుంది. ఎల్‌జీలో దాని పేరు ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో, శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్ లేదా పిక్చర్ క్లారిటీ. ఆపేయండి. మీ టీవీలో 'ఫిల్మ్‌మేకర్ మోడ్' ఉంటే అదొక్కటి నొక్కితే ఇదీ, మిగతా పూతలూ కలిపి పోతాయి. లేకపోతే 'సినిమా' లేదా 'మూవీ' మోడ్. ఒక చిక్కు ఉంది: చాలా టీవీల్లో ఈ సెట్టింగ్ ఒక్కో హెచ్‌డీఎంఐకి, ఒక్కో యాప్‌కి, హెచ్‌డీఆర్‌కి (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మ), మామూలు బొమ్మకి విడివిడిగా గుర్తుంటుంది. సెటాప్ బాక్స్‌లో మార్చేసి అంతా అయిపోయిందనుకుంటే ఓటీటీలో పాతదే నడుస్తా ఉంటుంది. హెచ్‌డీఆర్ సినిమా ఒకటి పెట్టి, నడుస్తా ఉండగానే మళ్లీ మార్చండి.

సినిమా మోడ్ పెట్టగానే బొమ్మ పసుపుగా ఉందని అందరూ వెనక్కి పోతారు. షోరూమ్ 'వివిడ్' నీలానికి కన్ను అలవాటు పడింది అంతే. రెండు రోజులు వదిలేస్తే తిరిగి వివిడ్ పెట్టినప్పుడు మొహాలు సున్నం కొట్టినట్టు కనబడతాయి. షార్ప్‌నెస్ ఎక్కువ బ్రాండ్లలో సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది, సోనీలో మాత్రం 50 అంటే ఏమీ కలపనట్టు. అక్కడ సున్నా పెడితే మసకబారుతుంది.

లావెక్కిన మొహాలకు టేపు తీసుకుని కొలవండి, అనుమానం తీరిపోతుంది. 55 అంగుళాల తెర సుమారు 48 అంగుళాల వెడల్పు, 27 ఎత్తు. 1957 నాటి 'మాయాబజార్' లాంటి నలుపు తెలుపు సినిమా దాదాపు 4:3 ఆకారం. సరిగ్గా వస్తే మధ్యలో 36, 37 అంగుళాల బొమ్మ, అటూ ఇటూ అయిదారు అంగుళాల నల్ల పట్టీ ఉండాలి. పట్టీ లేకుండా నిండిందంటే రెండిట్లో ఒకటి జరిగింది: సాగదీస్తే మనుషులు మూడో వంతు లావవుతారు, జూమ్ చేస్తే పైనా కిందా కలిపి బొమ్మలో నాలుగో వంతు పోతుంది. అంత కష్టపడి పెట్టిన కిరీటాలు తెగిపోయేది ఇందుకే. పిక్చర్ సైజు 'ఒరిజినల్' లేదా '4:3' పెట్టండి. కొన్ని యూట్యూబ్ అప్‌లోడ్‌లలో మాత్రం సాగదీసిన బొమ్మనే ఎక్కించి ఉంటారు. దాన్ని టీవీలో 4:3కి నొక్కితే సరవుతుంది. అప్‌లోడ్ చేసినాయన జూమ్ చేసి కోసేసి ఉంటే మాత్రం చేసేదేమీ లేదు, వేరే కాపీ వెతుక్కోవాల్సిందే.

స్కోప్ (బాగా వెడల్పు బొమ్మ) సినిమాలకు ఇది తలకిందులు. 2.39 నిష్పత్తి బొమ్మ మీ తెర మీద 20 అంగుళాల ఎత్తే వస్తుంది, పైన మూడున్నర, కింద మూడున్నర నలుపు. ఆ నలుపు మీద కోపంతో జూమ్ చేస్తే పక్కల నాలుగో వంతు తెగుతుంది. చెరో అంచున నిలబడి మాట్లాడుకునే ఇద్దరిలో ఇద్దరికీ సగం మొహమే.

టీవీ ఎత్తు కూడా తగ్గించండి. కూర్చున్నప్పుడు కన్ను నేల నుంచి 40 అంగుళాల దగ్గర ఉంటుంది, తెర మధ్య భాగం దానికి అటూ ఇటూగా ఉండాలి. 5 అడుగుల ఎత్తు హోటళ్లకు, బస్టాండుకు. టీవీకీ సోఫాకీ మధ్య దూరం ఏడున్నర ఎనిమిది అడుగులు చాలు. 12 అడుగుల నుంచి చూస్తే 4కే కట్టిన డబ్బు కంటికి ఆనదు.

బైరాగిపట్టెడ55:
మోషన్, 4:3 రెండూ కుదిరాయి, సూపర్. జంపఖానా పరిచాక చప్పట మోత కూడా తగ్గింది. కానీ ఆప్టికల్ తీసి హెచ్‌డీఎంఐ పెడితే బార్‌లో అసలు సౌండే లేదు. వైరు తేడానా?

గ్రీమ్స్‌పేట సౌండు:
వైరు కాదు, పోర్టు అయ్యుంటుంది. బార్ వెనక రెండు హెచ్‌డీఎంఐలు ఉంటే 'ఇన్' అన్నది కాదు, 'అవుట్' లేదా 'టీవీ ఏఆర్‌సీ' అన్నదానికి గుచ్చాలి. సౌండ్ బార్‌లోకి కదా వచ్చేది, 'ఇన్'కే పెట్టాలి అనిపిస్తుంది, అక్కడే అందరూ తప్పుతారు. టీవీలో కూడా ఏఆర్‌సీ అని రాసున్న ఒక్క పోర్టే పనిచేస్తుంది. తర్వాత సీఈసీ (హెచ్‌డీఎంఐతో కలిపినవి ఒకదాన్నొకటి నడిపించే సెట్టింగ్) ఆన్ చేయాలి. ఎల్‌జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్, శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్. అప్పటికీ పలక్కపోతే రిమోట్‌తో ఆపడం కాదు, రెండిటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి రెండు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత బార్ పెట్టండి.

పెద్ద ధర వైరు అక్కర్లేదు. ఏఆర్‌సీకి మామూలు హై స్పీడ్ కేబుల్ చాలు.

ఏడుకొండల 24ఫ్రేమ్స్:
ఏఆర్‌సీకి మారాక పెదవులకూ మాటకూ పొత్తు చూసుకోండి. టీవీ బొమ్మను సానబెట్టడానికి కొంత సమయం తీసుకుంటుంది, ఆలోపు మాట ముందొచ్చేస్తుంది. బార్‌లో 'ఏవీ సింక్' కొంచెం కొంచెంగా పెంచుతూ పోవాలి. సినిమా ఒక్క ఫ్రేము 42 మిల్లీసెకన్లు, రెండు మూడు ఫ్రేములు తప్పితే ఎవరికైనా తెలిసిపోతుంది. గుర్తుపెట్టుకోండి, ఆ సెట్టింగ్ మాటను ఆలస్యం చేయగలదే గానీ ముందుకు తేలేదు. బ్లూటూత్‌లో కలిపి మాట వెనకబడినవాళ్లు దాన్ని పెంచితే ఇంకా చెడుతుంది. వాళ్లకు వైరొక్కటే దారి.

పరీక్షకు ప, బ, మ అక్షరాలు చూడండి. పెదవులు మూసి తెరిచిన క్షణానే అవి వినబడాలి. ఈ పరీక్ష సినిమా మీద పెట్టొద్దు. మన సినిమాల్లో చాలావరకు గొంతు తర్వాత డబ్బింగ్ థియేటర్లో చెప్పిందే, అక్కడ పడిన తేడాను మీ టీవీ నెత్తిన వేస్తారు. ఎదురుగా కూర్చుని మాట్లాడే వార్తలో, ఇంటర్వ్యూలో చూడండి.

చిత్తూరు వైపు వాళ్లకు ఇంకోటి. అరవ సినిమా మనలో చాలామందికి అర్థమవుతుంది కాబట్టి ఆడియో మెనూలో రెండు ట్రాకులూ చూసుకోండి. కొన్నిటికి తమిళం 5.1లో ఉండి, తెలుగు డబ్బింగ్ స్టీరియోలోనే ఇస్తారు. అట్లాంటప్పుడు బార్ చెడిపోలేదు, ట్రాకే అంత.

రేణిగుంట రీలు:
ప్రొజెక్టర్ గురించి అడిగినదానికి ఎవరూ జవాబు చెప్పలేదు. మీ హాలుకు 100 అంగుళాల తెర అంటే 87 అంగుళాల వెడల్పు, 49 ఎత్తు. త్రో రేషియో (తెర వెడల్పుకు ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే లెక్క) 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ను తెరకు 8 అడుగుల 8 అంగుళాల దూరంలో పెట్టాలి, అంటే సోఫా నెత్తిన. పడుతుంది, పట్టదని కాదు. కానీ పగలు కిటికీ మూసినా తలుపు సందు వెలుతురుకే నలుపు బూడిదైపోతుంది.

30 వేల లోపు వాటిలో మోసం ఎక్కడంటే, పెట్టె మీద '4కే సపోర్ట్' అని పెద్దగా ఉంటుంది. అది 4కే ఫైలును తీసుకుంటుందని మాత్రమే. 'నేటివ్ రిజల్యూషన్' అన్న గడి చూడండి. 1280x720 అనో, ఇంకా చవకవాటిలో 800x480 అనో ఉంటుంది. 1920x1080 లేకపోతే వదిలేయండి. వెలుగు కూడా ఉత్త 'ల్యూమెన్స్' అని వేలల్లో రాస్తే నమ్మొద్దు, 'ఏఎన్‌ఎస్ఐ ల్యూమెన్స్' (ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు) అని ఉండాలి. పక్కకు పెట్టి కీస్టోన్‌తో (వంకరగా పడిన బొమ్మను చదరంగా దిద్దే సెట్టింగ్) సరిచేసుకుందాం అనుకుంటే పిక్సెళ్లు వృథా అవుతాయి, తెరకు ఎదురుగానే బిగించాలి.

మిద్దె మీద వేసుకుందామనే ఆశ ఉంటే చీకటి పడ్డాక బాగానే ఉంటుంది. చాలా మోడళ్లు 35 లేదా 40 డిగ్రీల వరకే పనిచేస్తాయని మాన్యువల్‌లో ఉంటుంది. ఎండాకాలం సాయంత్రం ఏడింటికి కూడా మిద్దె సెగ కక్కుతా ఉంటుంది, నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టి, గాలి బయటికొచ్చే జాలీ ముందు జానెడు ఖాళీ వదలండి. ఆపగానే ప్లగ్గు పీకొద్దు, లోపలి ఫ్యాన్ ఆగేదాకా ఉండండి.

గ్రీమ్స్‌పేట సౌండు:
ఒకటి మరిచా. టీవీకి లో వోల్టేజీ పెద్ద లెక్క కాదు, చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. చంపేది కరెంటు పోయి వచ్చినప్పటి ఎగదన్ను, పిడుగు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనవైపు వానల్లో ఉరుములు మొదలవకముందే ప్లగ్గు ఒక్కటే కాదు, సెటాప్ బాక్స్‌కి వచ్చే డిష్ కేబుల్ కూడా తిప్పి ఊడదీయండి. ప్లగ్గు పీకి కేబుల్ వదిలేస్తే పిడుగు ఆ కేబుల్ మీదుగా బాక్సులోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐ గుండా టీవీ బోర్డులోకి, ఏఆర్‌సీ గుండా బార్‌లోకి పోతుంది. సర్జ్ ప్రొటెక్టర్ కొంటే ముందు ఆ సాకెట్లో ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఎర్త్ లేని చోట అది సరిగా కాపాడలేదు.