అక్రోపోలిస్ తర్వాత అగోరా కూడా చూడొచ్చా? అమ్మానాన్నలతో వెళ్తున్నాం

పెద్దాపురం పిల్ల:
అందరికీ నమస్తే. సెప్టెంబరులో అమ్మానాన్నలని తీసుకుని క్రూయిజ్‌కి వెళ్తున్నాను. ఓడ పొద్దున్నే ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో ఆగి, రాత్రికి బయల్దేరుతుంది. కొండ మీది పాత గుళ్ళ కోట అక్రోపోలిస్‌కి ఉదయం స్లాట్ బుక్ చేసేశాను. మధ్యాహ్నం ఏథెన్స్ పాత అగోరాకి, అంటే పూర్వకాలపు అంగడి చోటికి, వెళ్దామని నా ఆలోచన. రివ్యూలు చూస్తే సగం మంది "రాళ్ళు తప్ప ఏముంది" అంటున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. నాన్నగారు తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరయ్యారు. గుళ్ళూ గోపురాలూ ఆయనకి పెద్దగా పట్టవు. ఏ ఊరెళ్ళినా కూరగాయల మార్కెట్ చూడాలి, కాటా వంక ఓ కన్నేయాలి. వీళ్ళిద్దరితో వెళ్తే అది చూడదగ్గదేనా? చూసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

మ్యూనిక్ మామ:
నన్నడిగితే వదిలేయండమ్మా. గ్రీకుల కమ్మరి దేవుడు హెఫయిస్తోస్ గుడి ఒక్కటే పూర్తిగా నిలబడి ఉంది, దాన్ని అక్రోపోలిస్ పైనుంచి కూడా చూడొచ్చు. మిగతాదంతా పునాదులు. పెద్దవాళ్ళని ఎండలో తిప్పే బదులు ప్లాకా అనే పాతపేటలో నీడపట్టున కూర్చుని భోజనం చేయండి.

రాళ్ళపిచ్చోడు:
మ్యూనిక్ గారూ, ఆ నాన్నగారి ఉద్యోగం ఏమిటో చదివాక కూడా వదిలేయమనడానికి మీకు నోరెలా వచ్చిందండీ!

అమ్మాయ్, తప్పకుండా వెళ్ళండి. కాకపోతే గేటు దాటగానే అందరిలా గుడి వైపు పరిగెత్తొద్దు. అడ్రియాను వీధి గేటులోంచి వస్తే ఎడమ పక్కన పొడుగాటి రెండంతస్తుల మండపం కనిపిస్తుంది. అట్టాలోస్ స్తోవా అంటారు. పెర్గమోన్ (ఇప్పటి టర్కీలోది) రాజు రెండో అట్టాలోస్ క్రీ.పూ. రెండో శతాబ్దంలో ఏథెన్స్‌కి కట్టించి ఇచ్చిన దుకాణాల సముదాయం అది, అంతస్తుకి 21 కొట్లు. మ్యూజియం అందులోనే. నీడ ఉంటుంది, కూర్చోవచ్చు, టాయిలెట్లూ ఉన్నాయి. అమ్మగారికి ఇబ్బంది ఉండదు.

అక్కడ నాన్నగారిని నేరుగా కొలతల అద్దాల పెట్టె దగ్గరికి తీసుకెళ్ళండి. క్రీ.పూ. 500 నాటి కంచు తూనికరాళ్ళు మూడున్నాయి. ఒకదాని మీద పశువు మడమ ఎముక బొమ్మ, ఇంకోదాని మీద డాలు, మూడోదాని మీద తాబేలు. చదువు రానివాడు కూడా బొమ్మ చూసి బరువు పోల్చుకోవడానికే కాబోలు. పైన "ఏథెన్స్ ప్రజలది" అని చెక్కి ఉంటుంది. అంటే సర్కారు రాయి. పక్కనే గింజలు కొలిచే మట్టి కొలపాత్ర. దానికి ఎథీనా దేవత తల, గుడ్లగూబ ముద్రలు కొట్టారు. మీ నాన్నగారు సర్వీసంతా చేసిన పని ఇదే కదా!

ఇంకో సంగతి కూడా ఆయన చెవిన వేయండి. క్రీ.పూ. 375లో చేసిన నాణేల చట్టం చెక్కిన రాయి ఈ అగోరా తవ్వకాల్లోనే 1970లో దొరికింది. డబ్బు మార్చేవాళ్ళ బల్లల మధ్య నాణేల పరీక్షకుడు ఒకడు కూర్చోవాలి. అతను ప్రభుత్వ బానిస. లోపల రాగో సీసమో పెట్టి పైన వెండి పూత పూసిన నాణెం దొరికితే అక్కడికక్కడే అడ్డంగా నరికేయాలి. అతను బాగుందన్న నాణేన్ని ఏ వ్యాపారైనా తీసుకోనంటే ఆ రోజు సరుకు జప్తు. పరీక్షకుడే డ్యూటీ ఎగ్గొడితే యాభై కొరడా దెబ్బలు! సస్పెన్షన్లూ, విచారణ కమిటీలూ ఏమీ లేవు.

ఓటు పెంకులు కూడా చూడండి. ఎవరిని పదేళ్ళు ఊరి నుంచి వెళ్ళగొట్టాలో కుండపెంకు మీద పేరు గీకి వేసేవారు. ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్ పేరున్న పెంకులు 190 ఒకే బావిలో దొరికాయి. చేతిరాత చూస్తే అన్నీ పద్నాలుగు మంది రాసినవే. పంచడానికి ముందే రాయించి పెట్టుకున్నవన్నమాట. ఎన్నికల వాసన అక్కడే తగిలింది నాకు.

ఇవన్నీ చూసి బయటికొస్తే ఆ పునాదులు వట్టి రాళ్ళలా ఉండవు. నాకిష్టమైన చోటు నైరుతి మూల. "నేను అగోరా సరిహద్దుని" అని తన గురించి తనే చెప్పుకునే రాయి ఒకటి అక్కడ పాతిన చోటే ఉంది. దాని పక్కన ఒక చిన్న ఇంటి పునాది. తవ్వితే బోలెడు చెప్పుల మేకులు, తాళ్ళు దూర్చే ఎముక రింగులు దొరికాయి. సైమన్ అనే పేరు గీకిన గిన్నె అడుగు కూడా దొరికింది. సోక్రటీసు సైమన్ అనే చెప్పులు కుట్టే అతని కొట్లో కూర్చుని కబుర్లు చెప్పేవాడని పాత రచనల్లో ఉంది. ఇద్దరూ ఒకరేనని రుజువు లేదు గానీ, నేను మాత్రం నమ్మేశాను.

మ్యూనిక్ మామ:
మీరు అంతగా పొగిడే ఆ మండపం 1956లో పూర్తయింది సార్, అమెరికా కుబేరుడు రాక్‌ఫెల్లర్ డబ్బుతో. కొత్త బిల్డింగుని పాతదని చూపిస్తే ఎలా?

రాళ్ళపిచ్చోడు:
కొత్తదే, కాదనను. కానీ ఊహించి కట్టింది కాదు. క్రీ.శ. 267లో హెరూలీలనే జర్మానిక్ తెగ దాడి తర్వాత ఊరి చుట్టూ హడావిడిగా కట్టిన గోడలో పాత స్తోవా కలిసిపోయింది. అందుకే ఉత్తరం కొస పైకప్పు ఎత్తు వరకూ మిగిలింది. ఆ కొలతల ప్రకారమే తిరిగి కట్టారు. స్తంభాల మధ్య ఆ మూల నుంచి ఈ మూలకి నడిస్తే అంగడి ఎంత పెద్దదో కాళ్ళకే తెలుస్తుంది.

విశాఖ విహారి:
ఒక జాగ్రత్త. కాస్త తూర్పున రోమన్ అగోరా అని వేరే ఉంది, టవర్ ఆఫ్ ది విండ్స్ అనే పాత బురుజు ఉన్నది. మ్యాప్‌లో పేరు చూసుకుని వెళ్ళండి. పాత అగోరాలోని హెఫయిస్తోస్ గుడి మాత్రం చిన్న గుట్ట మీద ఉంది, బాట గులకరాళ్ళతో ఎగుడుగా ఉంటుంది. అమ్మగారికి స్పోర్ట్స్ షూ వేయించండి. తిరుగు ప్రయాణానికి థిస్సియోలో మెట్రో ఎక్కితే సరాసరి పిరేయస్. ఆ పట్టాలు అగోరా ఉత్తరం పక్కని కోసుకుంటూ పోతాయి, పన్నెండు దేవతల బలిపీఠంలో చాలా భాగం వాటి కిందే ఉంది.

పెద్దాపురం పిల్ల:
అందరికీ థాంక్స్. నాన్నకి చదివి వినిపించాను. కొరడా దెబ్బల దగ్గర తెగ నవ్వారు. తర్వాత ఒక ప్రశ్న: ఆ పాత్రతో అంచుకి సమంగా చెరిపి కొలిచేవారా, గోపురంగా పోసి కొలిచేవారా? అక్కడే మోసం జరుగుతుందట.

రాళ్ళపిచ్చోడు:
ఇన్‌స్పెక్టర్ అనిపించుకున్నారు! క్రీ.పూ. రెండో శతాబ్దం చివరి ఏథెన్స్ శాసనంలో సరిగ్గా ఇదే ఉంది. బాదం, అక్రోటు, ఖర్జూరం లాంటివి గోపురంగా పోసి అమ్మాలి. పాత్ర లోతు అయిదు వేళ్ళు, అంచు మందం ఒక వేలు ఉండాలి. వేరే పాత్రతో అమ్ముతూ దొరికితే అధికారి అందులోని సరుకుని అక్కడే వేలం వేసి, డబ్బు ప్రభుత్వ ఖాతాలో కట్టి, పాత్రని పగలగొట్టాలి.

పెద్దాపురం పిల్ల:
"వేలం సరే, రసీదు ఎవరిచ్చేవారట?" అంటున్నారు నాన్న. అగోరా ఖాయం చేసేశాం.