ఆవిడకి డీఎస్సీ ఉద్యోగం, ఇద్దరికీ అమెరికా టీచర్ ఆఫర్: రాజీనామా చేయొచ్చా?

ఒంగోలు_లెక్కలు
అందరికీ నమస్కారం. నేను ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. మా ఆవిడకి మెగా డీఎస్సీ 2025లో స్కూల్ అసిస్టెంట్ వచ్చింది, ఫిజికల్ సైన్స్. అంతకుముందు ప్రైవేటు స్కూల్లో చేసింది. పోస్టింగ్ మార్కాపురం అవతల, రోజూ పోయిరావడం కుదరని చోటు. డీఎస్సీ రిజల్ట్స్ రాకముందు ఇద్దరం అమెరికా జే-1 టీచర్ ప్రోగ్రామ్‌కి (కొన్నేళ్లు అక్కడి స్కూళ్లలో చెప్పడానికి ఇచ్చే వీసా) సరదాగా అప్లై చేశాం. ఇప్పుడు అరిజోనాలో ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్ ఇద్దరినీ తీసుకుంటామంటోంది. మూడేళ్లు, ఆపైన రెండేళ్ల వరకు పొడిగింపు. బాబుకి నాలుగేళ్లు, జే-2 మీద, అంటే కుటుంబసభ్యుల వీసా మీద వస్తాడు. స్పాన్సర్ (ప్రోగ్రామ్ నడిపే సంస్థ) ఫీజులు, టికెట్లు, అక్కడ మొదటి రెండు నెలల ఖర్చు అన్నీ కలిపితే పదిహేను లక్షలు దాటేలా ఉంది. వెళ్లొచ్చా?

డీఎస్సీ98
సరదాగా అప్లై చేశామన్నావు చూడు తమ్ముడూ, నేను అక్కడే ఆగిపోయాను.

నేను 1998 డీఎస్సీ. క్వాలిఫై అయ్యాక కేసులు, కోర్టులు, కమిటీలు. మధ్యలో ట్యూషన్లు చెప్పాను, ఎల్ఐసీ పాలసీలు కట్టించాను, మా బావమరిది ఎరువుల కొట్లో లెక్కలు రాశాను. 2023లో పిలిచి మినిమమ్ టైమ్ స్కేల్ మీద, అంటే కాంట్రాక్టు పద్ధతిలో, ఎస్జీటీ ఇచ్చారు. అప్పటికే నా తోటివాళ్లు కొందరు మనవల్ని ఎత్తుకున్నారు. మొదటిరోజు హాజరు పట్టీ చేతిలోకి తీసుకుంటే చేతులు వణికాయి. మా హెడ్మాస్టరు వయసులో నాకంటే చిన్నవాడు, లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మీ ఆవిడకి ముప్పై దాటీ దాటకముందే రెగ్యులర్ పోస్టు వస్తే మీరు దాన్ని అమెరికాతో తూకం వేస్తున్నారు.

నల్లగొండ_సీను
పో అన్నా పో. ఈడ ఉండి ఏం జేస్తవ్.

రూల్స్_రావు
భావోద్వేగాలు పక్కన పెడదాం. జే-1 మీద వెళ్లినవాళ్లు రెండేళ్లు తిరిగొచ్చి ఇండియాలో ఉండి తీరాలి. హెచ్-1బీ లేదు, గ్రీన్‌కార్డు లేదు. ఇది తెలిసే అడుగుతున్నారా?

ఎడారి_టీచర్
రావుగారూ, అది పాత మాట. ఆ రెండేళ్ల షరతు టీచర్లకి చాలావరకు స్కిల్స్ లిస్ట్ (ఏ దేశానికి ఏ నైపుణ్యాలు అవసరమో అమెరికా రాసుకున్న జాబితా) వల్ల వచ్చేది. 2024 డిసెంబర్‌లో ఆ లిస్ట్ సవరించినప్పుడు ఇండియాని తీసేశారు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవాళ్ల సంగతి వేరు.

ఒంగోలు తమ్ముడూ, నేను అరిజోనాలోనే ఏడో తరగతికి లెక్కలు చెప్తున్నాను, ఇది మూడో ఏడు. జీతం సంగతి అందరూ చెప్తారు, పని సంగతి ఎవరూ చెప్పరు. మన దగ్గర టీచర్ లోపలికి వస్తే పిల్లలు లేస్తారు. ఇక్కడ నేనే తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరిని పేరుతో పలకరించి లోపలికి పంపాలి. మొదటి పీరియడ్‌లో ఒకబ్బాయి హుడ్ ముఖం మీదకి లాక్కుని పడుకుంటాడు. గద్దిస్తే మన పనైపోయినట్టే. పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగితే రాత్రంతా తమ్ముణ్ణి చూసుకున్నానంటాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఐఈపీ అని ఒక్కొక్కరికీ విడిగా రాసిన ప్రణాళిక ఉంటుంది, అది చట్టం. అందులో రాసిన ప్రకారం ఆ పిల్లకి అదనపు సమయం ఇవ్వకపోతే సంజాయిషీ చెప్పుకోవాలి. ఆ మీటింగులు, ఈమెయిళ్లు, గ్రేడ్లు అన్నీ అయ్యేసరికి చీకటి పడుతుంది.

చిన్న ఊళ్లలో బస్సులుండవు. కారు లేకపోతే పాల పాకెట్ కూడా రాదు, క్రెడిట్ హిస్టరీ లేనివాళ్లకి లోను దొరకడం కష్టం. ఇద్దరూ ఫింగర్‌ప్రింట్ క్లియరెన్స్ కార్డు తీసుకోవాలి. మొదటి రెండు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ కట్ అవదు, అదొక్కటే చేతికి కొంచెం ఊపిరి. అయినా మళ్లీ అడిగితే మళ్లీ వస్తాను.

రూల్స్_రావు
స్కిల్స్ లిస్ట్ మారితే మారింది. టీచర్ ప్రోగ్రామ్ పూర్తయ్యాక రెండేళ్లు అమెరికా బయట ఉండాలని ఆ ప్రోగ్రామ్ నిబంధనల్లోనే ఉంది. కాబట్టి నేను చెప్పిందే కరెక్ట్.

ఎడారి_టీచర్
అది మళ్లీ జే-1 టీచర్‌గానే రావాలనుకుంటే. వీసా మార్చుకోవడానికి దానికీ సంబంధం లేదు. రెండూ రెండేళ్లే కాబట్టి మీరు ఒకటిగా చూస్తున్నారు.

రూల్స్_రావు
హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు పెట్టారుగా 2025 సెప్టెంబర్‌లో? ఏ గవర్నమెంటు స్కూలు కడుతుంది?

ఎడారి_టీచర్
బయటినుంచి కొత్తగా తెప్పించుకునేవాళ్లకి అది. దేశంలో ఉండి స్టేటస్ మార్చుకునేవాళ్లకి వర్తించదని అక్టోబర్‌లో అమెరికా ఇమిగ్రేషన్ సంస్థ యూఎస్‌సీఐఎస్ వివరణ ఇచ్చింది. హెచ్-1బీ లాటరీ మాత్రం ఉంటుంది. అసలు ఆ తమ్ముడు గ్రీన్‌కార్డు అడిగాడా?

బాపట్ల_బాబ్జీ
రావుగారు వీసా ఆఫీసర్ అయ్యుంటే ఎయిరిండియా మూసేసేవాళ్లు.

కాకినాడ_వదిన
ఏజెంటు సంగతి చూసుకోండి నాయనా. మా ఆడపడుచు ఒక కన్సల్టెన్సీకి నాలుగు లక్షలు కట్టింది. స్కూల్ ఇంటర్వ్యూ అన్నారు, జూమ్‌లో ఎవరో కూర్చుని రెండు ప్రశ్నలడిగారు, తర్వాత ఫోనెత్తలేదు. ఒరిజినల్ బీఈడీ సర్టిఫికెట్ కూడా వాళ్ల దగ్గరే ఇరుక్కుంది. దాన్ని తెచ్చుకోడానికి మా తమ్ముడు వాళ్ల ఆఫీసు ముందు నానా తిట్లూ తిట్టాల్సి వచ్చింది. లూసియానాలో ఫిలిప్పీన్స్ టీచర్ల కేసు చదవండి. వేల డాలర్లు గుంజిన ఏజెన్సీ మీద కోర్టుకెళ్తే 2012లో జ్యూరీ 45 లక్షల డాలర్లు ఇప్పించింది.

ఒంగోలు_లెక్కలు
వదినగారూ, మాకు మధ్యలో ఎవరూ లేరు. స్పాన్సర్‌కే నేరుగా అప్లై చేశాం, వీసాకి కావాల్సిన డీఎస్-2019 ఫారం వాళ్లే ఇస్తారు. ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వలేదు.

చీరాల_కిరణ్
ఐదేళ్లు జీతంలేని సెలవు పెట్టుకుని వెళ్లొచ్చుగా? విదేశీ ఉద్యోగానికి ఇస్తారు కదా.

డీఎస్సీ98
ప్రొబేషన్ డిక్లేర్ కాని పిల్లకి ఐదేళ్ల సెలవు ఎవరిస్తారు బాబూ. అడిగి చూడమను, డీఈవో ఆఫీసులో నవ్వుతారు. రాజీనామా తప్ప దారి లేదు. 44,570 బేసిక్, డీఏ, హెచ్ఆర్ఏ, అరవై దాటేదాకా ఢోకాలేని జీవితం, పెన్షన్. వదిలి ఎడారికి పోతారట.

నల్లగొండ_సీను
పింఛను యాడిది సార్, సీపీఎస్ గదా, జీతంల కోసి జమజేసుడే.

డీఎస్సీ98
నాకు సీపీఎస్ కూడా లేదు సీనూ. వచ్చే ఏడు దిగిపోతున్నాను, శాలువా కప్పి పంపిస్తారు.

ఎడారి_టీచర్
మాస్టారూ, మీకు జరిగింది అన్యాయమే. ప్రభుత్వం మీ వయసంతా తినేసింది. ఆ కోపం ఆ అమ్మాయి మీద ఎందుకు చూపిస్తున్నారు? మీకు రానిది ఆమెకి వచ్చింది కాబట్టి జన్మంతా దండం పెట్టుకుని కూర్చోవాలా?

డీఎస్సీ98
అమ్మా, నువ్వు డాలర్లలో కూర్చుని నాకు న్యాయం చెప్పకు. అతనికి పోయేదేముంది? కార్పొరేట్ కాలేజీ ఉద్యోగం, రేపు తిరిగొస్తే ఇంకో కాలేజీ. పోయేది ఆ అమ్మాయి పోస్టు. మొగుడు అమెరికా అంటే పెళ్లాం రాజీనామా రాయాలి, అంతేగా? నువ్వూ అలాగే వెళ్లావా?

ఎడారి_టీచర్
నేను మోడల్ స్కూల్లో రెగ్యులర్ పోస్టు వదిలి వచ్చాను. మా ఆయన నా వెనక జే-2 మీద వచ్చాడు. వర్క్ పర్మిట్ చేతికొచ్చేదాకా వంట చేశాడు, పిల్లని స్కూల్లో దింపాడు. ఊళ్లో మా మావగారిని ఇప్పటికీ కోడలి జీతం తింటున్నాడా మీవాడు అని అడుగుతారు. మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నామనుకుంటున్నారో ఆ అమ్మాయిని అడిగారా?

రూల్స్_రావు
చిన్న సవరణ. జే-2 సంపాదన జే-1 వ్యక్తి పోషణకి వాడకూడదని నిబంధన. మీ ఆయన...

బాపట్ల_బాబ్జీ
రావుగారూ మీకు దండం.

ఒంగోలు_లెక్కలు
ఒక్కమాట. నా పోస్టు సరిగ్గా రాయలేదనుకుంటా. వెళ్దామంటున్నది మా ఆవిడే. నేనే వద్దంటున్నాను. మా నాన్న రిటైర్డ్ టీచర్, కోడలికి గవర్నమెంటు ఉద్యోగం వచ్చిందని వీధంతా స్వీట్లు పంచాడు. ఆయనకి ఎలా చెప్పాలో తెలియట్లేదు. పోస్టింగ్ దూరం, బాబు నా దగ్గర, ఆమె అక్కడ గదిలో ఒక్కతే. శనివారం రాత్రి వస్తుంది, సోమవారం తెల్లవారుజామున బస్సు. ముగ్గురం ఒక ఇంట్లో ఉండాలి, అది మార్కాపురమైనా అరిజోనా అయినా సరే అంటుంది. బదిలీ ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పట్లేదు.

చీరాల_కిరణ్
మరి మొదటే చెప్పొచ్చుగా అన్నా.

డీఎస్సీ98
సరే తమ్ముడూ. మొగుడూ పెళ్లాం సంగతి మీది, నేను దిగను. నా బాధ వేరు, అది కూడా విను.

డీఎస్సీకి వెయిటింగ్ లిస్ట్ లేదు. 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే నాలుగొందల పైచిలుకు అలాగే మిగిలిపోయాయి, వచ్చే నోటిఫికేషన్‌కి పోయాయి. మీ ఆవిడ వదిలితే ఆమె తర్వాతి మెరిట్ అమ్మాయికి ఆ పోస్టు రాదు. అర మార్కులో పోయినవాళ్లున్నారు, ఇంట్లో కూర్చుని మళ్లీ కోచింగ్ ఫీజు ఎక్కడ తేవాలా అని చూస్తున్నారు. ఆ స్కూల్లో పదో తరగతి పిల్లలకి వచ్చే డీఎస్సీ దాకా ఫిజిక్స్ చెప్పేవాళ్లుండరు. లెక్కల టీచరే అదీ చెప్పేస్తాడు. జాయిన్ కాకముందే వద్దని ఉంటే పోయేది. జాయినయ్యి వదలడమే నాకు మింగుడుపడటం లేదు.

ఎడారి_టీచర్
ఇది మొదటే అనుంటే మనకి గొడవే లేదు మాస్టారూ. కానీ వెయిటింగ్ లిస్ట్ పెట్టకపోవడం ప్రభుత్వం చేసిన పని. ఆ బరువు ఒక్క అమ్మాయి నెత్తిన పెట్టడం నేను ఒప్పుకోను. నేను వదిలిన పోస్టు కూడా ఖాళీగానే ఉందని విన్నాను. అయినా ఒప్పుకోను.

డీఎస్సీ98
నువ్వు ఒప్పుకోవద్దు, నేనూ ఒప్పుకోను. తమ్ముడూ, పోయేటట్టయితే ఒక పని చెయ్యి. జూన్ దాకా నాన్చొద్దు, రాజీనామా ముందే ఇప్పించు. ఖాళీ లెక్కలో పడాలి, బదిలీ కౌన్సెలింగ్‌లో ఎవరో ఒకరు ఆ స్కూలు కోరుకునే వీలుండాలి. చెప్పకుండా మానేసిందనుకో, నోటీసులు, మెమోలతో ఏడాది ఆ కుర్చీ ఎవరికీ కాకుండా పోతుంది. ఆమోదం కాయితం చేతికొచ్చాకే విమానం ఎక్కాలి.

ఒంగోలు_లెక్కలు
మా ఆవిడ పక్కనే కూర్చుని చదువుతోంది మాస్టారూ. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా కదలనంది. అవి అవగానే మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఇస్తుందట. నాన్నకి ఈ ఆదివారం చెప్తాను.

నల్లగొండ_సీను
మీ నాయన ఏమన్నడో జర రాయి అన్నా.

రూల్స్_రావు
బాబుకి కూడా విడిగా డీఎస్-2019 కావాలి. ఆరోగ్య బీమా ముగ్గురికీ, ప్రోగ్రామ్ ఉన్నన్నాళ్లూ. ఇది ఎవరూ చెప్పలేదు.