బిడ్డకు బ్లూ కట్ అద్దాలు తీయించాలా? టార్చి పరీక్ష నమ్మొచ్చా?

రామగిరి నాన్న (నల్లగొండ):
మా బిడ్డ ఇంటర్ సెకండియర్, బైపీసీ. కాలేజీ నుంచి వచ్చాక నీట్ క్లాసులన్నీ ఫోన్‌లోనే. రాత్రి పన్నెండు దాటినా దుప్పట్లో ఫోన్ వెలుగుతూనే ఉంటుంది. తలనొప్పి అంటుంటే కండ్ల డాక్టర్‌కు చూపించాం, రెండు కండ్లకూ మైనస్ వచ్చింది. చీటీ పట్టుకుని అద్దాల షాపుకు పోతే ఎనిమిది వందలు ఎక్కువ పెట్టి బ్లూ కట్ (నీలం వెలుతురును ఆపుతాయనే అద్దాలు) తీసుకోమన్నారు. నీలం లేజర్ టార్చి కొట్టి చూపించారు కూడా. మామూలు అద్దం లోంచి చుక్క నేరుగా కార్డు మీద పడింది, బ్లూ కట్ అద్దం అడ్డం పెట్టగానే మాయమైంది. అంత చూశాక కాదనడం ఎట్లా? ఆర్డర్ ఇంకా పెట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

అద్దాల అంగడి (మిర్యాలగూడ):
తీసుకోండి అన్నా. నాదీ ఇదే వ్యాపారం, ముందే చెప్తున్నా. ఎల్‌సీడీ రకం ఫోన్ తెర తెల్లగా కనిపించినా, దాని వెనక ఎల్ఈడీలో పుట్టేది నీలం వెలుతురే. పైన పసుపు పూత వేసి తెల్లగా చేస్తారు. అది రోజూ గంటలకొద్దీ కంట్లో పడుతుంటే లోపలి పొర రెటీనా ఏం కావాలి? ఎనిమిది వందలు బిడ్డ కండ్ల కంటే ఎక్కువా?

ఫిజిక్స్ సార్ (మహబూబ్‌నగర్):
ఎల్ఈడీ గురించి చెప్పింది నిజమే. తిరకాసంతా టార్చి దగ్గరే ఉంది. ఆ లేజర్ వెలుతురు తరంగదైర్ఘ్యం (దాన్ని బట్టే రంగు) దాదాపు 405 నానోమీటర్లు, అంటే ఊదా. ఫోన్ తెరలో నీలం ఎక్కువగా ఉండేది 450 చుట్టుపక్కల. షాపులో ఇచ్చే అద్దం మొదటిదాన్ని బాగా ఆపుతుంది, రెండోదాన్ని చాలావరకు వదిలేస్తుంది. మొత్తం మీద ఇవి ఆపే నీలం 10 నుంచి 25 శాతం. నిజంగా అంతా ఆపాలంటే అద్దం ముదురు నారింజ రంగులో ఉండాలి, అది పెట్టుకుని మీ బిడ్డ కాలేజీకి పోదు. అనుమానముంటే బ్లూ కట్ పెట్టుకుని ఫోన్‌లో నీలం బొమ్మ తెరిచి చూడండి. నీలంగానే కనిపిస్తుంది.

ఇక రెటీనా. చెట్టు నీడలో నిలబడ్డా కంటికి వేల లక్స్ (వెలుతురు కొలత) వెలుతురు వస్తుంది, ఎండలో లక్ష దాకా పోతుంది. ఫోన్ నుంచి వచ్చేది పదుల లక్స్. ఫోన్ నీలానికే కండ్లు పోయేటట్టయితే నాట్లేసే కూలీల్లో ఒక్కరికీ చూపు మిగలకూడదు. అమెరికా కంటి వైద్యుల అకాడమీ కూడా ఈ అద్దాలు అవసరం లేదనే చెప్తోంది.

వనపర్తి అమ్మ:
సార్, లెక్కలు సరే. మా బాబుకు బ్లూ కట్ వేయించిన వారంలోనే తలనొప్పి పోయింది. ఇది కండ్లారా చూసిన సంగతి.

ఫిజిక్స్ సార్:
అమ్మా, అంతకు ముందు బాబుకు అద్దాలున్నాయా?

వనపర్తి అమ్మ:
లేవు. అవే మొదటివి.

ఫిజిక్స్ సార్:
మరి తలనొప్పి తగ్గించింది పవరా, పూతా? రెండూ ఒకేసారి వచ్చాయి కాబట్టి విడదీసి చెప్పలేం. అందుకే కొందరికి మామూలు అద్దం, కొందరికి బ్లూ కట్ ఇచ్చి పోల్చిన పరీక్షలు చూడాలి. 2023లో వైద్య పరీక్షల ఫలితాలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు ఆరు దేశాల్లో జరిగిన అలాంటి 17 పరీక్షలను ఒకచోట పెట్టి చూశారు. కండ్ల అలసటలో తేడా ఏమీ తేలలేదు. తెర ముందు కూర్చుంటే కండ్లు మండేది నీలం వల్ల కాదు, రెప్ప వేయడం మర్చిపోతాం కాబట్టి. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లు పడే రెప్ప అయిదారుకు పడిపోతుంది, కన్ను ఎండిపోతుంది. ఫోన్‌ను మూతికి ఆనించుకున్నంత దగ్గర పెట్టుకోవడం ఇంకో కారణం.

వెల్డింగ్ షాపు (దేవరకొండ రోడ్డు):
నీలం వెలుతురుతో కండ్లు పోతాయన్న భయం మా షాపుల దగ్గర పుట్టిందేమో. ట్రాలీకి అతుకు పెట్టేటప్పుడు అద్దం లేకుండా చూస్తే రాత్రికి కండ్లల్లో ఇసుక పోసినట్టుంటది, నీళ్లు కారతయి, నిద్ర పట్టదు. అది అల్ట్రా వయొలెట్ దెబ్బ అని డాక్టర్ చెప్పిండు. ఫోన్‌ల అది రాదు. రెండూ కలిపి బెదిరిస్తే ఎట్లా?

అద్దాల అంగడి:
సార్ గారు కాక్రేన్‌లో సగమే చెప్పారు. నిద్ర గురించి ఏమన్నారు? కొన్ని పరీక్షల్లో మేలు కనిపించింది, కొన్నింటిలో లేదు, ఇంకా తేలలేదు అన్నారు. తేలలేదంటే పనికిరాదని అర్థం కాదు కదా!

మిల్లు నైట్ షిఫ్ట్ (మిర్యాలగూడ):
ఈ మాటలో పస ఉంది. కంటి సంగతి వేరు, నిద్ర సంగతి వేరు. రెటీనాలో బొమ్మ చూడటానికి కాకుండా పగలా రాత్రా అని మెదడుకు చెప్పడానికే కొన్ని కణాలున్నాయి. అవి 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి ఎక్కువ స్పందిస్తాయి, అది పడితే నిద్రకు తోడ్పడే హార్మోన్ మెలటోనిన్ తగ్గుతుంది. మిల్లులో తెల్లవార్లూ లైట్ల కింద ఉండి, పొద్దున ఎండలో బండి మీద ఇంటికి పోయి పడుకోవాలంటే ఎంత కష్టమో మాకు తెలుసు.

ఫిజిక్స్ సార్:
ఒప్పుకుంటాను. కానీ ఎంత తేడా అన్నది చూడండి. 2015లో హార్వర్డ్ వాళ్లు 12 మందితో అయిదు రాత్రులు, పడుకోబోయే ముందు నాలుగేసి గంటలు ఐప్యాడ్‌ను పూర్తి వెలుతురు పెట్టి చదివించారు. పుస్తకం చదివినప్పటి కంటే నిద్ర పట్టడానికి పది నిమిషాలు ఆలస్యమైంది. మెలటోనిన్ పెరగడం గంటన్నర ఆలస్యమైంది, అది చిన్న సంగతి కాదు. అయితే 2016లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఇంకోటి జరిగింది. పగలు ఆరున్నర గంటలు మంచి వెలుతురులో ఉంచి, ఆ రాత్రి టాబ్లెట్ ఇచ్చారు. మెలటోనిన్‌లో తేడా రాలేదు.

నా దృష్టిలో అసలు సంగతి ఇక్కడుంది. మన పిల్లల పగలు ఎలా గడుస్తోంది? పొద్దున స్టడీ అవర్, కిటికీలు మూసిన క్లాసురూము, ట్యూబ్‌లైటు, మళ్లీ సాయంత్రం స్టడీ అవర్. ఆ గదిలో వెలుతురు రెండు మూడు వందల లక్స్ ఉంటే గొప్ప. ఆటల పీరియడ్ టైంటేబుల్ మీదే ఉంటుంది, గ్రౌండ్‌లో మాత్రం ప్రిన్సిపాల్ కారు నిలబడి ఉంటుంది. పగలు చీకట్లో ఉంచి, రాత్రి ఫోన్ వెలుతురును తిడుతున్నాం. మైనస్ పెరగడానికీ దీనికీ సంబంధం ఉంది. రోజుకు రెండు గంటలు బయట గడిపే పిల్లలకు మైనస్ వచ్చే అవకాశం తక్కువ. తైవాన్‌లో 2010 నుంచి బళ్లలో దీన్నొక కార్యక్రమంగానే నడుపుతున్నారు.

వనపర్తి అమ్మ:
బాగుంది సార్. మే నెలలో 44 డిగ్రీల ఎండలో పిల్లల్ని కూర్చోబెట్టండి, వడదెబ్బకు ఏ అద్దం పెట్టాలో కూడా చెప్పండి.

ఫిజిక్స్ సార్:
నడినెత్తిన ఎండలో ఎవరు కూర్చోమన్నారమ్మా! పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం అయిదు తర్వాత. వేపచెట్టు నీడ కూడా క్లాసురూము కంటే ఎన్నో రెట్లు వెలుతురు.

మిల్లు నైట్ షిఫ్ట్:
ఇంకో మాట. ఫోన్‌లో పసుపు రంగు నైట్ మోడ్ పెడితే చాలనుకునేవాళ్లున్నారు. 2021లో అమెరికాలో కాలేజీ వయసు వాళ్లతో చేసిన పరీక్షలో అది పెట్టినా పెట్టకున్నా నిద్ర ఒకటే. తెర రంగు మారుతుంది గానీ, టెస్టులో ఎన్ని మార్కులొచ్చాయన్న టెన్షన్ మారదు కదా. రీల్స్ సంగతి సరేసరి.

అద్దాల అంగడి:
సరే, నేను బలవంతం చేయను. అడిగినోళ్లకే ఇస్తా. కానీ రాత్రి ఫోన్ వదలలేని పిల్లకు నిద్రలో రవ్వంత లాభమున్నా అది వద్దనడం నాకు నచ్చదు. నారింజ రంగు అద్దమే కావాలంటే అదీ తెప్పిస్తా, రాత్రి ఇంట్లో పెట్టుకోవడానికి.

రామగిరి నాన్న:
అందరికీ థ్యాంక్స్. మామూలు అద్దానికే ఆర్డర్ పెట్టాను. సాయంత్రం అరగంట గ్రౌండ్‌లోకి వదలమని కాలేజీలో అడిగితే, సిలబస్ అయ్యాక చూద్దామన్నారు. ఇంట్లో ఫోన్ పంచాయితీ మాత్రం తెగలేదు. పది తర్వాత ఇవ్వు అంటే, ప్రాక్టీస్ పేపర్ల పీడీఎఫ్‌లు గ్రూపులో వచ్చేదే పదింటికి అంటోంది. నల్లగొండలో పీడీఎఫ్ పంపితే తక్కువ రేటుకు ప్రింట్ తీసి పెట్టేవాళ్లు ఎక్కడున్నారు?

వెల్డింగ్ షాపు:
మీ బిడ్డ కాలేజీ ఎదురుంగ అడగండన్నా. ఒకేసారి ఎక్కువ పేజీలిస్తే తగ్గిస్తరు. రెండు పక్కలా తీయమనండి.