నీళ్ల మధ్య చిన్న బడి: పిల్లలకు ప్రాజెక్టులు కావాలా, రోజూ చదువు చెబితే చాలా?

తంపర గట్టు:
మాది శ్రీకాకుళం జిల్లా, నౌపడ వైపు. ఊరికి ఒక పక్క సముద్రం, మిగతా పక్కల ఉప్పుటేరు, తంపర (నీరు నిలిచే పల్లపు నేల). పెద్ద వాన పడితే రోడ్డు మునిగి ఊరు దీవి అయిపోతుంది. ఉన్నది ఒక్క ప్రాథమిక పాఠశాల. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లు, పిల్లలు ముప్పై మంది లోపే.

మా చిన్నోడు ఐదో తరగతి. పోయిన నెలంతా వాడి చదువు ఏమిటంటే థర్మాకోల్ ఇల్లు, చార్టు మీద తాబేలు, పప్పులు అంటించిన ఇండియా మ్యాపు. పప్పులు అంటించింది మా అమ్మ. చార్టు కోసం టెక్కలి వెళ్లింది నేను. మొన్న 612ని 6తో భాగించమంటే 12 అని రాశాడు. మధ్యలో సున్నా రావాలని వాడికి తెలీదు. వచ్చే ఏడాది ఏరు దాటి హైస్కూలుకి వెళ్తాడు, అక్కడ తాబేలు బొమ్మ ఎవరడుగుతారు? ఇలాంటి చిన్న బళ్లలో ప్రాజెక్టులు పూర్తిగా ఆపేయాలని నేనంటాను. మీరేమంటారు?

ఉద్దానం బాబు:
వందకి వంద శాతం కరెక్టు. ప్రాజెక్టు అంటే అమ్మకి హోంవర్కు. పలాసలో అయితే రెడీమేడ్ అగ్నిపర్వతాలే అమ్ముతున్నారు, పిల్లాడి పేరు రాసుకుంటే చాలు.

రెండో టీచరు:
నేను ఎస్జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. నాదీ సముద్రం ఒడ్డు బడే, మేమూ ఇద్దరమే. థర్మాకోల్ విషయంలో మీతో గొడవ లేదు, దాన్ని నేను బడి గేటు దాటి రానివ్వను. కానీ మొత్తం ఆపేయమంటే ఒప్పుకోను.

లెక్క చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటలు బోధన. అంటే రోజుకి నాలుగు గంటలు. నా వాటా మూడు తరగతులు, ఒక్కోదానికి గంటా ఇరవై నిమిషాలు. రెండో ఆవిడ ట్రైనింగుకి వెళ్లిన రోజు ఐదు తరగతులూ నావే, అప్పుడు ఒక్కోదానికి 48 నిమిషాలు. అన్ని సబ్జెక్టులూ అందులోనే. నేను ఒక తరగతికి చెబుతుంటే మిగతా పిల్లలు ఏం చేయాలి? ఎక్కాలు చూసి రాస్తూ కూర్చోవాలి. చూసి రాయడాన్ని మీరు రోజువారీ చదువు అంటున్నారేమో, నేను అనను. ఐదు తరగతులూ కలిసి ఒకే పని మీద కూర్చోవడం నాకు ముచ్చట కాదు, అవసరం.

తంపర గట్టు:
సరే మేడమ్. అలాంటి పని ఒక్కటి చెప్పండి. ట్రైనింగులో చెప్పేది కాదు, మీరు చేయించింది.

రెండో టీచరు:
ఉప్పు. నవంబరులో వానలు తగ్గాక లీటరు సముద్రపు నీరు తెచ్చాం. పాత చీర ముక్కతో వడగట్టి, వంటగదిలోని పెద్ద స్టీలు పళ్లెంలో పోసి డాబా మీద ఎండబెట్టాం. కాకి మూతి పెట్టకుండా పైన దోమతెర. నీరు ఇంకాక కొట్టు తక్కెడ మీద తూచాం.

ఒకటి, రెండు తరగతుల వాళ్లు ఉప్పు, నీరు, ఎండ, పళ్లెం అని బోర్డు మీద చదివి రాశారు. మూడో తరగతి రోజూ పళ్లెంలో నీటి లోతు స్కేలుతో కొలిచింది. నాలుగో తరగతిది తీసివేత: ఉప్పుతో పళ్లెం బరువు, ఖాళీ పళ్లెం బరువు. 28 గ్రాములు తేలింది. ఐదో తరగతికి భాగహారం: లీటరుకి 28 గ్రాములైతే కిలో ఉప్పుకి ఎన్ని లీటర్లు? 35, శేషం 20. ఆ శేషం 20 గ్రాములకి ఇంకో లీటరు కావాలా వద్దా అని అరగంట కొట్టుకున్నారు. శేషం అంటే ఏమిటో నేను అంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాములు అని చెప్పాను. మరి మనకెందుకు తగ్గిందని ఒకడు అడిగాడు. వర్షాకాలంలో నదుల నీళ్లు కలిసి మన తీరంలో ఉప్పదనం తగ్గుతుంది. అందుకే ఏప్రిల్లో మళ్లీ తూద్దామన్నాం.

ఇంకోటి, నాలిక మీద వేసుకుంటే చేదు! పిల్లలంతా ఉమ్మేశారు. ఒక అమ్మాయి వాళ్ల తాత నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసిన మనిషి, ఆయన్ని పిలిపించాం. ఉప్పు పేరుకున్నాక మిగిలిన నీటిని మడిలోంచి వదిలేస్తారని, చేదంతా అందులోనే పోతుందని చెప్పాడు. అది మెగ్నీషియం లవణాల చేదు. మేం ఆఖరి చుక్క దాకా ఎండబెట్టాం కాబట్టి చేదు కూడా పళ్లెంలోనే ఉండిపోయింది. ఇందులో కొన్న వస్తువు ఒక్కటీ లేదు.

లెక్కల మేష్టారు, విజయనగరం:
చదవడానికి బాగుంది టీచర్ గారూ. నేను హైస్కూల్లో ఆరో తరగతికి లెక్కలు చెబుతాను, మీ పిల్లలు చివరికి వచ్చేది మా దగ్గరికే. ఏటా జూన్, జూలై నెలలు తీసివేతలు, భాగహారాలతోనే పోతాయి. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ 2021లో మొదలైంది. 2026-27 నాటికి ప్రతి పిల్లా మూడో తరగతి ముగిసేసరికి అర్థం చేసుకుంటూ చదవాలి, లెక్కలు చేయాలి అన్నారు. అది జరగాలంటే రోజూ చేయించడం తప్ప దారి లేదు. భాగహారం ఒక్కసారి బాగా అర్థమైతే రాదు, వంద సార్లు చేస్తే వస్తుంది.

అసలు ప్రశ్న ఇంకోటి. గ్రూపు పనిలో చురుకైన ఒకరిద్దరు అంతా చేసేస్తారు. మీ ఉప్పు కథలో పళ్లెం పట్టుకుని నిలబడ్డ పిల్లాడికి ఏం వచ్చింది? ఫొటోలో మాత్రం వాడూ నవ్వుతూనే ఉంటాడు.

ఉద్దానం బాబు:
అదీ మాట!

రిటైర్డ్ మేష్టారు:
ఇద్దరూ నన్ను మాట్లాడనివ్వండి. 1990 ప్రాంతంలో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచింది, మేం ఏపెప్ అనేవాళ్లం. పిల్లలు చేసి నేర్చుకోవాలి, చుట్టుపక్కల వస్తువులు వాడాలి, వాళ్ల పనిని గోడ మీద ప్రదర్శించాలి, ఇలా ఆరు సూత్రాలు. మంచి సూత్రాలే. కానీ తనిఖీకి వచ్చినవాళ్లకు అన్నిటికంటే తేలికగా కనబడేది గోడ. దాంతో కొన్నేళ్లకి మిగతా ఐదూ పోయి గోడ మిగిలింది. ఇప్పుడు గోడ బదులు ఫోన్లో ఫొటో.

ఆ తర్వాత మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూలు వాళ్ల బహుళ తరగతి కార్డులు చూశాను. ప్రతి పిల్లా తన మెట్టు నుంచి తన వేగంతో ముందుకెళ్తుంది, టీచరు కొందరితో కూర్చుంటే మిగతావాళ్లు కార్డులతో పని చేసుకుంటారు. రోజువారీ చదువుకి అలాంటి ఏర్పాటు చేయకుండా వారమంతా ప్రాజెక్టులు పెడితే లెక్కల మేష్టారు అన్నట్టే అవుతుంది.

వేరావల్ బోటు:
నాను గుజరాత్‌లో ఉన్నానండి, బోటు మీద. మా గుంట మూడో కలాసు. ఇంటికాడ వాళ్లమ్మ, మా అమ్మ, ఇద్దరికీ సదువు లేదు. సార్టు తెమ్మంటే ఆళ్లెక్కడికి పోతారు? మొన్న పోనులో అడిగినాది, నాన్నా నువ్వు మ్యాపులో ఏపక్కనున్నావు అని. నాకూ తెలీదు, మా డ్రైవరు సూపించాడు. అలాటిది బళ్లో సెప్తే సాలండి. పప్పులెందుకు, కూరకి పనికొస్తాయి.

తంపర గట్టు:
ఈ అన్న మాటతో నాకు పేచీ లేదు. ఇక్కడ వేటకెళ్లేవాళ్ల ఇళ్లలోనూ ఇబ్బందే. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ 61 రోజుల్లో ఎక్కువ వేసవి సెలవులే. తండ్రి ఇంట్లో ఉన్నప్పుడు బడి ఉండదు, బడి ఉన్నప్పుడు తండ్రి ఉండడు. ఇంటికి పని పంపే ముందు టీచర్లు ఇది చూడాలి.

మేడమ్, ఉప్పు విషయం నాకు నచ్చింది. ఆపేయాలన్న మాట పట్టుకుని కూర్చోను. కానీ పళ్లెం పట్టుకున్న పిల్లాడి సంగతి మేష్టారు అడిగారు, జవాబు రాలేదు. స్కూల్ కమిటీలో నేనూ ఉన్నాను, రేపు మీటింగులో అదే అడుగుతారు.

రెండో టీచరు:
చీటీలు. తూచేది, చదివి చెప్పేది, బోర్డు మీద లెక్క చేసేది ఎవరో చీటీలో వస్తుంది. ఒకసారి వచ్చిన పేరు అందరికీ వచ్చేదాకా మళ్లీ వేయను. లెక్క మాత్రం ఎవరి నోటుబుక్కులో వాళ్లే చేయాలి, గ్రూపు జవాబు తీసుకోను. పొద్దున్న మొదటి రెండు గంటలు చదవడం, లెక్కలు, వాటి జోలికి ఏ ప్రాజెక్టూ రాదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక, వారంలో రెండు రోజులే ఇది. మేష్టారి వంద సార్లు పొద్దున్నే అవుతాయి.

రెండో ఆవిడ ట్రైనింగుకి వెళ్తే ప్రాజెక్టు ఆపేస్తాను, చదివించడం ఆపను.

లెక్కల మేష్టారు, విజయనగరం:
నోటుబుక్కు మాట బాగుంది. చీటీల మీద ఇంకా నమ్మకం లేదు, వెనకబడ్డ పిల్లాడికి చీటీ వస్తే పక్కవాడు చెవిలో చెబుతాడు. సరే, మధ్యలో ఆపేస్తే డాబా మీద పళ్లెం సంగతేమిటి?

రెండో టీచరు:
వంట చేసే అక్క లోపల పెడుతుంది. ఒకసారి తోమేసింది కూడా.