అప్‌డేట్: మా ఆయన కౌన్సెలింగ్‌కి వచ్చారు

ఆయన రానంటున్నారు, ఏం చేయాలి అని పోయినసారి అడిగాను. గొడవలన్నీ పాప పెంపకం, అత్తయ్య మాట, ఆఫీసు కాల్స్ చుట్టూనే అని రాశాను. ముందు నన్ను ఒక్కదాన్నే వెళ్లమన్నవాళ్లకి చాలా థ్యాంక్స్. అది చూశాకే ఆయనా వచ్చారు.

గొడవ ముదిరితే ఆయన మాట్లాడటం మానేసేవారు, నేను వెంటపడి అడిగేదాన్ని. అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ గాట్‌మన్ ఆ మౌనాన్ని స్టోన్‌వాలింగ్ అంటారట. గుండె దడదడలాడుతున్నప్పుడు ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు, కుదుటపడటానికి కనీసం 20 నిమిషాలు కావాలి అని మా కౌన్సెలర్ మేడమ్ చెప్పారు. ఇప్పుడు ఆయన "అరగంటాగి మాట్లాడదాం" అని చెప్పి వెళ్తారు, ఆ టైమ్‌కి వస్తారు. అలా తిరిగి రావడమే ముఖ్యం. నాకు సగం టెన్షన్ అక్కడే పోయింది.

అత్తయ్యని ఇంకా సెషన్‌కి పిలవలేదు. ఆవిడకి చెప్పాల్సినవి ఆయనే చెప్పాలని మాత్రం అనుకున్నాం.

వెళ్లాలనుకునేవాళ్లు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టేనా అని చూసుకోండి. ఫీజు కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416లో తెలుగులోనే ఫ్రీగా మాట్లాడొచ్చు. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం ఇద్దరూ కలిసి కూర్చునే కౌన్సెలింగ్ వద్దు, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.